ఫస్టు క్లాసు మట్టి

జనార్దనరావు మాస్టారు లెక్కలు చెప్పిన ముప్ఫయ్యేళ్లూ నాగాయలంక చుట్టుపక్కల పిల్లలెవరూ కాపీ కొట్టలేదు. అంటే, ఆయనకు దొరక్కుండా కొట్టలేదు. దొరికినవాణ్ణి ఆయన తిట్టేవారు కాదు, బెత్తం ఎత్తేవారు కాదు. గంట మోగేదాకా బయట ఎండలో నిలబెట్టేవారు. "కాపీ కొట్టినవాడు బయటే ఉండాలి" అన్నది ఆయన చట్టంలో మొదటి సెక్షను. రెండోది లేదు.

అంతటి మహానుభావుడు రిటైరయ్యాక రైతయ్యారు. కౌలుకిచ్చిన ఎకరం పాతికా వెనక్కి తీసుకున్నారు. యూట్యూబులో నాలుగు వీడియోలు చూసేసరికి ఐదోది తానే చెయ్యగలనన్న ధీమా వచ్చేసింది. పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో కలిపి జీవామృతమని పొలానికి పోశారు. పక్కనే రెండేళ్లుగా రాజబాబు రొయ్యల చెరువుంది. ఆ ఉప్పునీళ్లు గట్టు కిందనుంచి మాస్టారి పొలంలోకి ఊరుతూనే ఉన్నాయి. అటునుంచి ఉప్పు, ఇటునుంచి బెల్లం. పాపం, నేల ఎవరికని మొహమాటపడుతుంది?

మే నెలలో భూసార పరీక్షకు మట్టి తెమ్మని కబురొచ్చింది. పొలంలో ఏడెనిమిది చోట్ల తవ్వి, కలిపి, అరకిలో సంచిలో కట్టి ఇవ్వాలి. అంతే పని. కానీ పరీక్ష అన్న మాట చెవిన పడగానే మాస్టారికి గుండెదడ పట్టుకుంది. లెక్కల మాస్టారి పొలం తప్పితే ఊళ్లో తలెత్తుకోవడం ఎలా? తెల్లవారుజామునే గునపం పట్టుకుని పెరట్లో మల్లెపాదు దగ్గరికి నడిచారు. భార్య శేషారత్నం గారు కాపురానికొచ్చిన నాటినుంచీ బియ్యం కడుగు, కూరల తొక్కలు, కాఫీ పిప్పి ఆ పాదుకే నైవేద్యం పెడుతున్నారు. అలాంటి మట్టి తప్పమన్నా తప్పదు.

తెల్లారాక గొయ్యి చూసి ఆవిడ గగ్గోలు పెట్టారు.

"ఏవండీ, పందికొక్కు పాదంతా కుళ్లబొడిచిందండీ! దాని దుంపతెగ!"

"ఈ మధ్య పందికొక్కులు ఎక్కువయ్యాయిలే," అన్నారు మాస్టారు, పేపరులోంచి తలెత్తకుండా.

కార్డు వచ్చింది. ఉప్పు లేదు, సారం పుష్కలం, ఉప్పుకి విరుగుడుగా వేసే జిప్సం అక్కర్లేదు. మాస్టారు దానికి లామినేషన్ చేయించి, ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "మా నేల ఫస్టు క్లాసులో పాసైంది" అని రాశారు కూడా. అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు రాజబాబే. జిప్సం అక్కర్లేదని కార్డు చెప్పింది గనక మాస్టారు వెయ్యలేదు. చదువుకున్నవారు కాగితం మాట కాదంటారా?

కార్తీకమాసానికి వరి కొసలు మాడిపోయాయి. నేలమీద ఉప్పు తెల్లగా పేరింది. రాజబాబు పరామర్శకొచ్చాడు.

"ఎలాగూ పండట్లేదు కదా మాస్టారూ, లీజుకిచ్చెయ్యండి. దీన్నీ చెరువు చేసేస్తాను. మీరు హాయిగా పేపరు చదువుకోవచ్చు."

చెరువైన పొలం మళ్లీ వరి మొహం చూడడం కష్టమని మాస్టారికి తెలుసు. నాన్న చేత్తో నాట్లేయించిన చేను అది. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు. మర్నాడే చెరువు మీద అర్జీ పెట్టారు.

వ్యవసాయాధికారి సుహాసిని పొలానికి వచ్చింది. కాఫీ ఫ్లాస్కుతో శేషారత్నం గారూ వచ్చారు. రాజబాబు ఊరిని వెంటబెట్టుకుని వచ్చాడు, జేబులోంచి ఫోన్ తీశాడు.

"మేడమ్ గారూ, నా చెరువుకి రెండేళ్లు. మే నెల్లో మాస్టారి కార్డు చూడండి, ఉప్పు లేదు. అది నా ఊట ఎలా అవుతుందండీ? ఆయన పోసిన ఆ పాయసం వల్లేనేమో!"

అందరూ నవ్వారు. సుహాసిని కార్డు ఫోటో చూసి ఇబ్బందిగా మాస్టారి వైపు తిరిగింది.

"ఇది చూశాక చెరువు తప్పని నేనెలా రాయనండీ?"

మాస్టారు ఎండిన వరి వంక చూశారు. ఊరి వంక చూశారు. రెండింటిలో ఏదో ఒకదాని ముందే తల నిలుస్తుందని అర్థమైంది.

"ఆ మట్టి ఈ పొలానిది కాదమ్మా."

"మరెక్కడిదండీ?"

"మా ఇంట్లో మల్లెపాదుది."

శేషారత్నం గారి చేతిలో ఫ్లాస్కు ఒరిగింది.

"అయితే ఆ పందికొక్కు మీరేనటండీ!"

ఈసారి నవ్వులు చెరువు దాటాయి. సుహాసిని మాత్రం నవ్వు ఆపుకుని, మళ్లీ మట్టి తీయిస్తానంది. అలవాటుగా గునపం అందుకోబోయిన మాస్టారిని వారించింది.

"మీరు ముట్టుకోకండి, మాస్టారూ. ఏమనుకోకండి."

మాస్టారు ఏమీ అనుకోలేదు. మెల్లగా నడిచివెళ్లి దూరంగా గట్టు మీద ఎండలో నిలబడ్డారు.

"అక్కడెందుకండీ, నీడకి రండి," అని పిలిచింది సుహాసిని.

"కాపీ కొట్టినవాడు బయటే ఉండాలమ్మా."

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. ఆ గుంపులో సగంమంది ఒకప్పుడు ఆ ఎండలో నిలబడ్డవాళ్లే.

పొలమంతా అక్కడక్కడా తవ్వారు. మట్టి నీళ్లలో కలిపి సుహాసిని ఉప్పు కొలిచే చేతిమీటరు ముంచింది. అంకె పైకి పోతూనే ఉంది. చెరువు గట్టు దగ్గర తీసిన మట్టికైతే మరీ పోయింది. రాజబాబు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. చెరువుకి కొత్తగా నీళ్లు పెట్టేలోపు, ఉప్పునీరు చేలోకి ఊరకుండా రెండింటి మధ్యా రాజబాబు ఊట కాలువ తవ్వాల్సిందేనని ఆవిడ అక్కడే రాసేసింది.

"మీ నేల తప్పిందండీ, మాస్టారూ!" అని కేకేసింది.

మాస్టారు గట్టు మీద కూలబడి ఏడ్చారు. చేను దక్కినందుకో, దానికి ఇంత జబ్బుందని ఇన్నాళ్లూ దాచినందుకో ఆయనకే తెలియదు. శేషారత్నం గారు కాఫీ కప్పు పట్టుకుని దగ్గరికి వెళ్లారు.

"గంట మోగింది, లేవండి. ఇంటికెళ్లి ముందు నా పాదు పూడుద్దురు గాని."