ఏడు నిమిషాల వెంకటనర్సయ్య

వెంకటనర్సయ్యకు ఉన్నది ఒకటే జబ్బు. అందరికీ కనబడుతున్నదాన్ని అందరికీ విడమరచి చెప్పడం.

మామిడిపండు చేతిలో పట్టుకున్నవాడికి అది మామిడిపండని, తొడిమ దగ్గర కందిగింజంత మచ్చ ఉందని చెప్పగలడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనకు పోచంపల్లి చీరలు, పరదాలు అమ్మే కొట్టుంది. చీర మడత విప్పాడంటే ఏ రంగు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఇంకోదానిలో కలిసింది, అంచు ఎన్ని వేళ్ల వెడల్పుంది, అన్నీ చెప్పాకే వదులుతాడు.

"వాళ్లకు కండ్లున్నయి గదయ్యా, చూస్కోనీ" అని భార్య భూలక్ష్మి మొత్తుకునేది.

"చూస్తున్నరు, నేనేం వద్దన్ననా? గట్లనే ఇనమంటున్న" అనేవాడు ఆయన.

కొట్టులో ఉన్నంతకాలం ఈ జబ్బుతో ఎవరికీ నష్టం లేదు. చిక్కంతా ఆయన రాళ్లెక్కేవాళ్ల గ్రూపులో చేరాక వచ్చింది.

ఆ గ్రూపు పేరు 'గుండు దోస్తులు'. ఫోన్లో నూటనలభై మంది. పేరు చూసి బట్టతలవాళ్ల సంఘం అనుకుని చేరినవాళ్లు ఇద్దరున్నారు గానీ మిగతావాళ్లంతా ఎల్బీనగర్, చంపాపేట్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటూ, ఆదివారం వస్తే బడంగ్‌పేట్ అవతలి గుండ్ల మీద పాకేవాళ్లే. వారమంతా గ్రూపులో అవే ముచ్చట్లు. వేలి తోలు ఊడితే ఏం రాయాలి, బూటు అడుగు ఎక్కడ అతికిస్తారు, బండ కింద పగిలిన సీసాలు ఈసారి ఎవరు ఏరాలి, ప్లాట్లు చేసేవాళ్లు రేపు ఏ గుండును పేల్చేస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా ఫోటోలు. గుండు ఫోటో పెట్టి, "ఇక్కడ కుడిచెయ్యా, ఎడమచెయ్యా?" అని అడగడం, దాని మీద రెండు రోజులు కొట్టుకోవడం.

ఈ గ్రూపుకు పెద్దదిక్కు శ్రీకళ. ఎల్బీనగర్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుంది. వెంకటనర్సయ్యను తెచ్చి గ్రూపు నెత్తిన పెట్టింది కూడా ఆమే.

అది రెండేళ్ల కిందటి మాట. ఎల్బీనగర్‌లో చెక్కగోడకు రంగురంగుల ప్లాస్టిక్ పట్లు బిగించి, రాళ్లెక్కడం నేర్పే చోటొకటుంది. అక్కడి కిటికీలకు పరదాలు కావాలంటే కొలతలు తీసుకోవడానికి వెంకటనర్సయ్య వెళ్లాడు. అప్పుడు శ్రీకళ గోడ మధ్యలో వేలాడుతూ, పైకి పోలేక కిందికి రాలేక చెమటలు కక్కుతోంది.

"బిడ్డా, నీ ఎడమ మోకాలు పక్కన పచ్చది ఒకటున్నది. జానెడు దూరం. పైన సమోస లెక్క వంకాయ రంగుది. దాని వెన్క ఏలు పట్టే సందున్నది" అన్నాడు ఆయన, మెడలో టేపు వేసుకుని.

శ్రీకళ ఆ మాట పట్టుకుని ఎక్కేసింది. ఆ సంతోషంలో కిందికి దిగుతూనే ఆయన్ని గ్రూపులో చేర్చింది. పరదాల సంగతి ఆయన మర్చిపోయాడు. ఎక్కేవాళ్లు జారితే పడిపోకుండా కింద నిలబడి తాడు పట్టడం నేర్చుకున్నాడు, యాభైఎనిమిదో ఏట ఎక్కడమూ నేర్చుకున్నాడు. ఆ కిటికీలకు ఈరోజుకీ పరదాల్లేవు.

ఇక గ్రూపులో ఎవరు ఏ ఫోటో పెట్టినా కింద వెంకటనర్సయ్య వాయిస్ మెసేజ్ పడేది. ఏడు నిమిషాలకు తక్కువుండదు.

"ఫోటోల ఒక బండ ఉన్నది. బూడిదరంగు. కుడిదిక్కు జర ఎర్రగ ఉన్నది, ఇటుక పొడి చల్లినట్టు. భూమికెల్లి మనిషెత్తున ఒక పగులు. పగుల్ల నాలుగేళ్లు పడతయి, బొటనేలు పట్టది. గాడికెల్లి ఎడమకు మూరెడు పోతే గిన్నెలెక్క ఒక గుంట..."

"కాకా, ఫోటో మాకు గూడ కనబడ్తున్నది!" అని ఒకరు.

"గుంట ఎడమకు కాదు, కుడికి! కండ్లు లేవా?" అని గజేందర్. పెద్ద అంబర్‌పేట్‌లో టైర్ల షాపు నడిపే గజేందర్ గ్రూపులో అందరికన్నా బాగా ఎక్కుతాడు, అందరికన్నా ముందు తిడతాడు.

"మూరెడు ఏడున్నది కాకా? రెండు జానలు గూడ లేదు" అని ఇంకొకరు.

ఇన్ని తిట్ల మధ్య ఒకే ఒక్క బొటనవేలు లేచేది. ఎం.కె. అని పేరున్న సభ్యుడెవరో ప్రతి మెసేజ్‌కూ, సరిగ్గా అది పూర్తిగా వినడానికి పట్టేంత సేపయ్యాక, మెచ్చుకోలు గుర్తు పెట్టేవాడు. ఎప్పుడూ ఒక్క ముక్క రాసింది లేదు. అది భూలక్ష్మి ఫోనే అయి ఉంటుందని శ్రీకళ అనుమానం. ఒకసారి అడిగితే భూలక్ష్మి రెండు చేతులూ జోడించింది. "ఇంట్ల ఇనేది సాల్తలేదా తల్లీ?"

మొన్న వానల్లో గొడవ ముదిరింది. బడంగ్‌పేట్ అవతల అందరినీ ఏడిపించే పెద్ద గుండు ఒకటుంది. పొరలు పొరలుగా ఉంటుందని దానికి ఉల్లిగడ్డ గుండు అని పేరు. ఒక ఆదివారం పొద్దున గజేందర్ గ్రూపులో అడిగాడు: "ఉల్లిగడ్డ ఎండిందా, తడిగున్నదా? ఒక్క మాటల చెప్పుండ్రి."

అప్పటికే గుండు దగ్గరున్న వెంకటనర్సయ్య పదకొండు నిమిషాల మెసేజ్ పెట్టాడు. గజేందర్ మూడు నిమిషాలు విన్నాడు. అప్పటికి ఆకాశం రంగు, గుండు దగ్గరికి పోయే బాట, బాటలో అడ్డం పడుకున్న బర్రె అయ్యాయి. బర్రె హాయిగా పడుకుందంటే అంతా బాగానే ఉందనుకుని, బండి తీసుకుని ఇరవై కిలోమీటర్లు వచ్చాడు. గుండు నిండా నీళ్లు కారుతున్నాయి.

"ఏంది కాకా గిది? తడిగున్నదని చెప్పనీకి ఏమైంది?"

"చెప్పిన గద తమ్మీ. పదో నిమిషంల."

ఆ సాయంత్రమే గజేందర్ గ్రూపులో ఓటు పెట్టాడు. ఇకమీదట వాయిస్ మెసేజ్‌లు బంద్. తొంభైరెండు మంది సరేనన్నారు. వద్దన్నది ఇద్దరే. ఒకరు వెంకటనర్సయ్య, రెండోవారు ఎం.కె.

ఆ కబురు ఫోన్లో చెప్పడం శ్రీకళకు మనసొప్పలేదు. మర్నాడు ఆఫీసు అయ్యాక కొట్టుకు వెళ్లింది. ఆయన నవ్వుతూనే విన్నాడు. విన్నాక నవ్వు లేదు.

"ఒక్క ఆదివారం దాక ఆగు బిడ్డా. ఉల్లిగడ్డ గుండు ఇంక సగమే అయింది."

"సగమేంది కాకా? ఏం సగం?"

"చెప్పుడు."

"ఎవరికి చెప్పుడు? అందరూ చూస్తనే ఉన్నరు కదా."

వెంకటనర్సయ్య టేపును వేలికి చుట్టాడు, విప్పాడు. "గది చెప్పనని మాటిచ్చిన బిడ్డా. నువ్వు రూలు పెట్టు, నిన్నేమనను. రూలు పెట్టుడు నీ పని. చెప్పుడు నా పని."

జీవితంలో మొదటిసారి ఆయన ఒక సంగతిని రెండు ముక్కల్లో ముగించాడు. అదే శ్రీకళకు వింతగా తోచింది.

తెల్లారి మళ్లీ మెసేజ్ వచ్చింది. శ్రీకళ తీసేసింది. ఇంకోటి వచ్చింది, అదీ తీసేసింది. ఉల్లిగడ్డ గుండు పైసగం ముక్కలు ముక్కలుగా వచ్చి పడుతూనే ఉంది. ఆఫీసులో పాలసీ కాగితాల మధ్య ఆమెకు అదే పనైపోయింది. అంత మొండితనం ఆమె ఎక్కడా చూడలేదు. నాలుగోరోజు, రెండేళ్లుగా నోరు మెదపని ఎం.కె. మొదటిసారి రాశాడు.

"తీసేయండి, కాదనను. కానీ తీసేముందు ఏడు నిమిషాలు ఆగండి, ప్లీజ్."

"మీరెవరు సార్?" అని శ్రీకళ రాసింది.

"ఆదివారం ఉల్లిగడ్డ దగ్గరికి వస్తున్నాను. అక్కడే చెప్తాను."

అప్పటినుంచి శ్రీకళ ప్రతి మెసేజ్‌నూ ఏడు నిమిషాలు ఉంచి, అప్పుడు తీసింది.

ఆదివారం పొద్దున్నే పాతికమంది గుండు కింద చేరారు. ఎండ బాగా కాసింది, బండ పూర్తిగా ఆరింది. బాట చివర ఆటో ఆగింది. ముందు వెంకటనర్సయ్య దిగాడు. ఆయన భుజం మీద చెయ్యి వేసి ఇంకొకతను దిగాడు. ముప్పై ఏళ్లుంటాయి. కళ్లకు నల్లద్దాలు, చేతిలో మడత కర్ర, వీపున బూట్ల సంచి.

"అందరికీ నమస్కారమండీ. నా పేరు మురళీకృష్ణ. మీ గ్రూపులో ఎం.కె.ని నేనే" అన్నాడు అతను. "మాది తెనాలి. ఇక్కడ ఓ బ్యాంకువాళ్ల ఫోన్లకి జవాబు చెప్పే ఉద్యోగం. పుట్టినప్పట్నుంచీ చూపు లేదు."

బూటు తాడు కట్టుకుంటున్న గజేందర్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"రెండేళ్ల కిందట మా తమ్ముడితో ఎల్బీనగర్ గోడ దగ్గరికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఈ బాబాయ్ గారు పక్కన కూర్చుని, నేనడక్కుండానే గోడంతా చెప్పేశారు. ఏడు నిమిషాలు. అది అయ్యేసరికి నేను బెంచీ మీద లేను, గోడ మీదున్నాను. అప్పట్నుంచి వారానికి రెండు మధ్యాహ్నాలు కొట్టు మూసేసుకొచ్చి నాకు తాడు పడుతున్నారు."

"మరి మాకెందుకు చెప్పలే కాకా?" అంది శ్రీకళ.

వెంకటనర్సయ్య బండ వైపు చూస్తూ నిలబడ్డాడు. మురళీకృష్ణే జవాబిచ్చాడు. "నేనే వద్దన్నానండీ. చెప్తే అందరూ 'అయ్యో' అంటారు. నాకు అయ్యో అక్కర్లేదు, గుండు కావాలి. నా ఫోను రాతలన్నీ చదివి వినిపిస్తుంది. ఫోటో వస్తే మాత్రం 'ఫోటో' అని ఊరుకుంటుంది. అందుకని బాబాయ్ గారు చెప్పేవారు."

"నీకొక్కనికే పంపొచ్చు గదా?" అన్నాడు గజేందర్, గొంతు తగ్గించి.

"మొదట అలాగే పంపారండీ. కానీ ఈయన చెప్పేదాంట్లో సగం తప్పు. కుడిని ఎడమంటారు, జానెడుని మూరెడంటారు. గ్రూపులో పెడితే మీరంతా తిడుతూ సరిదిద్దుతారు. అసలు సంగతంతా మీ తిట్లలోనే ఉంది. గజేందర్ గారంటే మీరేనా? 'ఎడమకు కాదు, కుడికి! కండ్లు లేవా?' అని రాశారు చూడండి, అది నా ఫోను నాకు చదివింది. ఎంత ఉపయోగపడిందో!"

గజేందర్ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నేలకేసి చూశాడు. మురళీకృష్ణ మాత్రం పకపకా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ముందు శ్రీకళ నవ్వింది, తర్వాత అందరూ.

"తాడు నేను పడ్త అన్నా" అన్నాడు గజేందర్.

శ్రీకళ వెనక బాటన పైకి వెళ్లి తాడు వేసి వచ్చింది. మురళీకృష్ణ నడుముకు కట్టిన ముడిని తను ఒకసారి చూసి, గజేందర్ చేత ఇంకోసారి చూపించింది. అతను రెండు చేతులూ బండ మీద ఆనించి, కాసేపు అలా నిలబడి, ఎక్కడం మొదలుపెట్టాడు.

కింది సగం విని విని అతనికి ఇంటిదారిలా తెలుసు. నాలుగు వేళ్ల పగులు, గిన్నెలాంటి గుంట, ఊడిన పొర అంచు. మధ్యలో జారాడు. తాడు పట్టింది. మళ్లీ ఎక్కాడు, అక్కడే మళ్లీ జారాడు. మోచెయ్యి గీసుకుపోయింది.

"దిగుతవా అన్నా?" అన్నాడు గజేందర్.

"ఎందుకండీ? ఇప్పుడే కదా వచ్చాను."

మూడోసారి ఆ చోటు దాటాడు. ఇక మిగిలింది పైసగం, ఈ వారం తీసేసిన మెసేజ్‌లలో ఉన్నది. కింద వెంకటనర్సయ్య ఆగలేకపోయాడు.

"బిడ్డా, కుడిచేతికి పైన చెవిలెక్క ఒక అంచున్నది. జానెడు."

"జానెడు కాదు, మూరెడు! గది చెవి గూడ కాదు, ముక్కులెక్క ఉన్నది!" అని గజేందర్ అరిచాడు.

"ముక్కంటే ఎట్ల ఉంటదో నాకు తెల్వదా తమ్మీ?"

"మీరిద్దరూ ఒక్క నిమిషం ఆగితే నేను ఎక్కుతానండీ" అన్నాడు మురళీకృష్ణ పైనుంచి.

ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు. మురళీకృష్ణ చెయ్యి బండను మెల్లగా తడుముకుంటూ పోయింది. జానెడు దాటింది, ఇంకా పైకి సాగింది, ముక్కో చెవో దొరికింది. కాలు లేచింది, ఇంకో చెయ్యి లేచింది, మోకాలు అంచు మీద పడింది. తర్వాత గుండు మీద మనిషి లేచి నిలబడ్డాడు.

కింద పెట్టిన కేకలకు దూరంగా పడుకున్న బర్రె కూడా లేచి నిలబడింది. కేకలు పెట్టనిది శ్రీకళ ఒక్కతే. ఆమె ఫోన్ తీసి, వాయిస్ మెసేజ్‌ల మీది రూలు ఎత్తేసి, "ఓటు అడగలేదు, అడగను" అని గ్రూపులో రాసింది. అందరికన్నా ముందు బొటనవేలు ఎత్తింది గజేందర్.

వెనక బాట గుండా అందరూ గుండు పైకి చేరారు. మురళీకృష్ణ మోచేతి గీతకు పట్టీ వేయించుకుని, గాలి వచ్చే దిక్కుకు మొహం తిప్పి కూర్చున్నాడు.

"బాబాయ్ గారూ, ఇక్కణ్ణుంచి ఏం కనబడుతుందండీ?"

వెంకటనర్సయ్య అటూ ఇటూ చూశాడు. ఎవరైనా ఆపుతారేమోనని. శ్రీకళ ఆయనకు చోటిచ్చి పక్కకు జరిగింది.

"ముంగట బడంగ్‌పేట్ డాబాలు బిడ్డా" అని మొదలుపెట్టాడు. "మొదటి డాబ మీద నీళ్ల ట్యాంకి. నల్లది. దాని పక్కన తాడు మీద నీలంరంగు దుప్పటి ఆరేసిండ్రు, ఒక మూల జారి కిందికి ఏలాడ్తున్నది..."

"దుప్పటి కాదు కాకా, గది పరద" అన్నాడు గజేందర్.

"తిట్టండి గజేందర్ గారూ, ఆపకండి" అన్నాడు మురళీకృష్ణ.

ఎండ ముదిరింది. కింద బండ కాలుతోంది. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. ఒక్కరూ లేవలేదు. వెంకటనర్సయ్య మాత్రం ఇంకా చంపాపేట్ దాకా కూడా రాలేదు.