దక్షిణం పక్షాన నేను చేసిన గర్జన

కార్యదర్శులనే జాతిని ఎవరు పుట్టించారో గాని, ఆ జాతికంతటికీ చక్రవర్తి మా రంగూన్ తెలుగు సమాజం కార్యదర్శి. పంతొమ్మిది వందల ఇరవైల్లో ఒక ఆదివారం ఆయనకో బుద్ధి పుట్టింది. బానిసత్వం పోవాలా, ఉండాలా అని అమెరికాలో ఉత్తరాది వాళ్లూ దక్షిణాది వాళ్లూ వెనుకటికి కొట్టుకు చచ్చారు కదా, ఆ వాదాన్ని పబేడాన్ పేటలో మిఠాయి దుకాణం మేడ మీద మళ్లీ జరిపించాలట!

పక్షాలెలా పంచాడు? గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లు ఉత్తరం, పోవాలనాలి. గోదావరి వాళ్లం దక్షిణం, ఉండాలనాలి. కాకినాడలో పుట్టడం తప్ప నేనే నేరమూ ఎరగను. చీటీలు వేయండి మహాప్రభో అన్నా వినలేదు.

సరే, తెరిచాక మూతపడే నోరా ఇది? "పోషించే యజమాని లేకపోతే ఆ పనివాళ్ల గతేమిటి? విడిచిపెట్టడమంటే వీధిన పడేయడమే!" అని గర్జించాను. ఆ గర్జనకు నది అవతల దలా ఊళ్లో కొంగలు లేచిపోయాయని ఊరంతా చెప్పుకున్నారు. ఊరంతా అంటే ముఖ్యంగా నేను. చప్పట్ల అదురుకు కింద దుకాణంలో జిలేబీలు నలిగిపోయాయి.

ఆ చప్పట్లలో సగం ఒక మేస్త్రీవి. సేక్కాన్ రేవులో ఓడల బస్తాలు మోసే ముఠాకు ఆయన పెద్ద. బయానా ఇచ్చి ఊరి నుంచి మనుషుల్ని తెస్తాడు, తెచ్చాక వదలడు. నేను భోంచేసే పూటకూళ్లింటామెను అందరం అప్ప అంటాం; ఆమె తమ్ముడొకడు ఆ ముఠాలోనే ఉన్నాడు. బయానా ఎప్పుడో తీర్చేశాడు, దలాలో చేపల పడవ మీద పనీ చూసుకున్నాడు. మేస్త్రీ పంపితేగా!

మర్నాడు భోజనానికి వెళ్తే పీట ఉంది, విస్తరి లేదు.

"అప్పా, ఆకలి."

"యజమాని పెడతాడు, ఎల్లి తిను బాబూ. మా తమ్ముడు ఎల్తానంటే మేస్త్రీ ఏటన్నాడో తెల్సా? 'ఒగ్గేత్తే ఈదిన పడతావురా, సదూకున్న బాబే సెప్పినాడు' అన్నాడంట!"

"అది వాదం కోసం అన్నది అప్పా! నా అభిప్రాయం కాదు!"

"నీది కాని మాట అంత గట్టిగా ఎందుకరిసినావు?"

మాడే కడుపుతో సేక్కాన్ పరిగెత్తాను. మేస్త్రీ నన్ను చూసి కుర్చీ వేయించాడు.

"రండి బాబూ! ఆ ముక్క మావోళ్లకి ఇంకోపాలి సెప్పండి."

"ఆ ముక్క తప్పు మేస్త్రీగారూ. అతన్ని వదిలేయండి. అతని బతుకు అతను చూసుకుంటాడు."

"నిన్నొకటి, ఇయాలొకటా? ఏది నిజం?"

"ఇదే నిజం!"

"నిన్నటిదే బాగున్నాది."

ఒళ్లు మండిపోయింది. నిన్నటి వాదాన్ని ముక్కముక్కగా ఖండించడం మొదలుపెట్టాను. ఆయన నిన్నటి నా మాటల్నే తీసి నా మొహాన కొట్టాడు, ఒక్క అక్షరం మరిచిపోలేదు దుర్మార్గుడు. నన్నింత ఘోరంగా ఓడించినవాడు నా జన్మలో నేనొక్కణ్ణే. ముఠా అంతా బస్తాలు దించేసి చుట్టూ మూగింది.

ఇంతలో ఎవడో కేకేశాడు: "మేస్త్రీగారూ, ఆడు పడవెక్కీసినాడండీ!"

చూస్తే అప్ప తమ్ముడు ఒళ్లో మూటతో, వెనక్కి తిరగకుండా, నది సగం దాటేశాడు.

"ఏటి బాబూ ఇది! పిలవండి, మీ గొంతు పెద్దది కదా!" అన్నాడు మేస్త్రీ.

గొంతు పోయిందని సైగ చేశాను.