తెర మీది గుండె

సైన్స్ క్లాసులో తెర మీద గుండె బొమ్మ కొట్టుకోవడం మొదలైతే నా అరచేతులకు ఇప్పటికీ చెమటలు పడతాయి.

చిన్నప్పుడు యాకుత్‌పురా బడిలో సార్ కంప్యూటర్‌లో ఆ బొమ్మ మొదటిసారి చూపించారు. "మీ గుండె గూడ గిట్లనే కొట్టుకుంటది. చెయ్యి వెట్టి చూడుండ్రి" అన్నారు. బొమ్మలో మనిషి నాకు ఎదురుగా నిలబడి ఉండడంతో గుండె నాకు కుడివైపున కనిపించింది. నేనూ కుడివైపే చెయ్యి పెట్టుకున్నాను. ఏమీ తగల్లేదు. పక్కపిల్లలు మాత్రం దొరికిందని నవ్వుతున్నారు. నేను చచ్చిపోయానని, ఇంకా ఎవరికీ తెలియలేదని అనుకున్నాను.

ఇంటికెళ్లి అన్నం ముట్టలేదు.

"ఏమైంది బిడ్డా?" అంది అమ్మ.

"నా గుండె కొట్టుకుంటలేదమ్మా."

అమ్మ నా చేతిని ఛాతీ మీద ఎడమవైపుకు జరిపింది. అక్కడ అది భయంతో దడదడలాడుతోంది.

ఇప్పుడు నేను సైన్స్ టీచర్‌ని. ముందు పిల్లలను తమ గుండె వెతుక్కోమంటాను. చివరి పిల్లకూ దొరికాకే కంప్యూటర్ ఆన్ చేస్తాను.