మావగారింట్లో నేను గవర్నరును బిగించిన సాయంత్రం

ఇంజను చెడగొట్టడం ఎవరైనా చేయగల పనే. కొత్త అల్లుడి హోదాలో, ఊరంతా చూస్తుండగా, మావగారి చేత మెప్పు పొందుతూ చెడగొట్టాలంటే మాత్రం నాలాంటివాడే కావాలి.

అప్పట్లో నేను పలాస స్టేషనులో గూడ్సు గుమాస్తాను. ఇంజను విడిభాగాల పెట్టెల మీద పేర్లు చదవడం తప్ప ఇంజన్లతో నాకు పరిచయం లేదు. అయినా పెళ్లయిన కొత్తలో మా పార్వతితో, "ఇంజన్ల సంగతి నన్నడుగు" అని కోతలు కోశాను. ఆవిడ నమ్మింది. నమ్మి ఊరుకోకుండా పుట్టింట్లో చెప్పింది.

ఉద్దానంలో కొబ్బరికాయల వ్యాపారం చేసే మా మావగారు అప్పలస్వామిగారు చిన్న కిరసనాయిలు ఇంజనూ, దానికో కరెంటు పుట్టించే డైనమో కొన్నారు. బల్బులు కలకత్తా నుంచి ఊకలో సర్దిన గుడ్లలాగా దిగాయి. ఆ చుట్టుపక్కల కరెంటు దీపం చూసినవాళ్లు లేరు. టెక్కలి ఫిట్టరు అన్నీ బిగించి, నడిపే తీరు ఇంట్లోవాళ్లకు చూపించి వెళ్లిపోయాడు. పొద్దుగూకేసరికి ఊరి పెద్దలూ, నిమ్మాడ నుంచి మావగారి స్నేహితుడు సూరన్నగారూ వచ్చి పందిట్లో కూర్చున్నారు.

దీపాలు వెలిగాయి. "ఓలమ్మో!" అంది పందిరంతా. అక్కడితో నేను జంతికలు నములుతూ కూర్చుంటే మీకీ కథ ఉండేది కాదు.

అత్తగారు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "బాబూ, కళ్లు సెదిరిపోతన్నాయి. కాత్త తగ్గదేటి?" అన్నారు.

"అల్లుడికి అదెంత పని!" అన్నారు మావగారు.

పార్వతి తలుపు పక్క నుంచి నా వైపు గర్వంగా చూసింది. ఆ చూపు ముందు నిజం చెప్పగలిగిన మొగుడుంటే నాకు చూపించండి.

"గవర్నరుని కాస్త బిగించాలి," అన్నాను. ఆ మాట ఏదో పెట్టె మీద చదివిందే.

అత్తగారు హడలిపోయారు. "గవర్నరు దొరనా! ఆయన జోలి మనకెందుకు బాబూ?"

"ఆ దొర కాదండీ. ఇంజను మరీ పరిగెత్తకుండా కాసే మర."

ఇంజను దగ్గరికెళ్లి చూస్తే గిరగిరా తిరిగే రెండు గుండ్లు, వాటిని లాగిపట్టే స్ప్రింగు, స్ప్రింగు చివర ఒక నట్టు. ముక్కుతాడు బిగిస్తే ఎద్దు నెమ్మదిస్తుంది కదా, ఇదీ అంతే అనుకున్నాను. అసలు సంగతి పూర్తిగా తలకిందులని తరవాత తెలిసింది. ఆ స్ప్రింగు ఎంత బిగిస్తే ఇంజను అంత జోరందుకుంటుందట.

నట్టు ఒక చుట్టు తిప్పాను. పందిట్లో వెలుగు రెట్టింపయింది.

"అల్లుడూ, పెరిగిందేటి?"

"ఇంకా బిగియలేదు మావగారూ!" అని మరో చుట్టు తిప్పాను. ఇంజను దడదడలాడుతూ పూనకం వచ్చినట్టు ఊగింది. బల్బులు మధ్యాహ్నపు సూర్యుళ్లయ్యాయి. గూట్లో కోడిపుంజు తెల్లారిందనుకుని కూసింది.

"ఏటి సేత్తన్నావు బాబూ!" అని అత్తగారి కేక.

"అయిపోయిందండీ, ఇంకొక్క చుట్టు!"

నిజంగానే అయిపోయింది. మొదటి బల్బు ఠప్పుమంది. రెండోది ఫట్టుమంది. ఆ తరవాత వాకిలి నుంచి పెరటి దాకా వరసగా పేలుకుంటూ పోయాయి. పందిట్లో జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇంజను ఇంకా ఊళపెడుతూనే ఉంది. నేను నట్టుకు దణ్ణం పెడుతున్నాను. పార్వతి చీకట్లో తడుముకుంటూ వచ్చి కిరసనాయిలు కుళాయి కట్టేసింది. కాసేపటికి ఇంజను దగ్గి, తుమ్మి, ఊరుకుంది.

"ఏటండీ, ఇంజన్ల సంగతి నన్నడుగన్నారు కదా?" అంది నెమ్మదిగా.

లాంతర్లు వచ్చాయి. కలకత్తా సరుకంతా నేల మీద పెంకులై మెరుస్తోంది. తిట్లకు తయారై తల వంచుకున్నాను. మావగారు ఆ పెంకులకేసి, పందిట్లో జనంకేసి, చివరికి నాకేసి చూశారు. గొంతు సవరించుకుని, "మా అల్లుడు కావాలనే పేల్సినాడు. కరెంటు తమాషా! ఎలాగుంది?" అన్నారు.

పందిరంతా చప్పట్లు. ఆ రాత్రి వడ్డనలో నాకు బూరెలు ఎక్కువ పడ్డాయంటే నమ్మండి. అన్ని బల్బులు పేలినా ఎవరికీ గాజు గీత కూడా పడలేదు. మావగారు ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. అంత మంచి మావగారు ఎందరికి దొరుకుతారు?

చిక్కంతా సూరన్నగారితో వచ్చింది. చెయ్యి కడుక్కుని నా పక్కకు చేరి, "బాబూ, వచ్చే నెల మా పిల్ల పెళ్లి. మందుగుండు మానేసినాం. నువ్వే వచ్చి గవర్నరుని పేల్చాల," అన్నారు.

ఆనాడే, అక్కడే, ఆ లాంతరు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ నట్టూ బిగించను. మా ఇంట్లో కుర్చీ కాలు వదులైనా సరే, పార్వతి వచ్చేదాకా నిలబడే ఉంటాను.