గీతకి లోపలివాళ్లు

నోయిడాలో మా ఆఫీసుకి ఒకటే గోడ. ఇటుకల గోడ కాదు, ఫైర్‌వాల్. బయటి నెట్‌కీ మాకూ మధ్య కాపలా కాసే పెట్టె. దానికి ఇవతలున్న ప్రతి కంప్యూటరూ మనదే, నమ్మొచ్చు అని మా మేనేజర్ ధీమా. నాకేమో ఒళ్లు మండేది. మేము ఒక ఆసుపత్రి కంప్యూటర్ పనులు చూసేవాళ్లం. రోగుల రిపోర్టులు, అక్కడి సిబ్బంది వైద్య పరీక్షల రిపోర్టులు అన్నీ ఒకే చోట, ఆఫీసులో ఎవరు తెరిచినా తెరుచుకునేలా పడుండేవి.

"గీత గోడ దగ్గర కాదు సార్, ఆ రిపోర్టుల చుట్టూ గీయాలి," అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. నవ్వేవాడు. "అరే భాయ్, ఇంట్లో గదిగదికీ తాళం వేసుకుంటామా?" పైగా గుర్‌గావ్ నుంచి రోజూ ఆ ట్రాఫిక్‌లో రాలేనని తన ఇంటి కంప్యూటర్‌ని నేరుగా ఆఫీసు లోపలికి కలిపించుకున్నాడు. అందులోనే వాళ్ల పిల్లలు దొరికిన పాటలూ ఆటలూ దించుకునేవాళ్లు. అంటే వాళ్ల ఇల్లు కూడా మా గోడ లోపలికి వచ్చేసిందన్నమాట. ఖర్మ!

మా ఆవిడ ఆ ఆసుపత్రిలోనే నర్సు. ఆ రోజుల్లోనే ఒక రోగికి వాడిన సూది ఆమె వేలికి గుచ్చుకుంది. ఆ రోగికి హెచ్ఐవీ. మొదటి పరీక్షలో ఏమీ కనపడలేదు, కానీ కొన్ని నెలలాగి మళ్లీ చేస్తేగానీ చెప్పలేమన్నారు. "ఎవరికీ తెలియకూడదండీ. మన చర్చిలో అసలే వద్దు," అంది. ఆ రిపోర్టు ఎక్కడ పడుందో నాకు తెలుసు. భయంతో అన్నం సహించేది కాదు. మేనేజర్‌కి కారణం చెబుదామంటే, చెబితే బయటపడ్డట్టేగా. ఉత్త కోపమే చూపించాను. "నీకు బీపీ ఎక్కువైంది," అన్నాడు.

అనుకున్నంతా అయింది. ఒక శుక్రవారం ఆయన ఇంటి కంప్యూటర్లోంచి వైరస్ వచ్చిపడింది. లోపల దాన్ని ఆపేదెవరు? చేతికందిన ఫైలల్లా తీసి, దొరికిన అడ్రసులన్నిటికీ మెయిల్ చేయడమే దాని పని. మేము కేబుళ్లు పీకేసరికే ఆసుపత్రిలో చాలామందికి వెళ్లిపోయాయి. ఏవేం వెళ్లాయో ఒక్కొక్కటే చూశాను. మా ఆవిడ రిపోర్టూ వెళ్లింది. ఇంటికెళ్లి చెప్పాను. ఆమె స్టవ్ ఆపేసి కూర్చుంది.

ఆదివారం జనక్‌పురిలో మా తెలుగు ఆరాధన. ప్రార్థన విన్నపాలు చెప్పే వేళకి, అదే ఆసుపత్రిలో నర్సుగా చేసే ఆంటీ లేచి నిలబడింది. మేము ఢిల్లీ వచ్చిన కొత్తలో, ఇల్లు దొరికేదాకా మాకు అన్నం పెట్టిన మనిషి. కళ్లనీళ్లు పెట్టుకుని, "మన చెల్లికి సూది గుచ్చుకుందంట. ఆ పాడు రోగం తగలకుండా సంఘమంతా ప్రార్థన చేయండి," అంది. ప్రేమతోనే అంది. ఆవిణ్ణి తిట్టడానికీ లేదు, అదే నా ఏడుపు. అందరూ గట్టిగా ప్రార్థించారు.

ఆ తర్వాత ప్రభు భోజనం. ద్రాక్షరసానికి మాకు ఒకటే పాత్ర, వరసగా అందరూ అందులోంచే తాగాలి. మా ఆవిడ వరసలో నిలబడగానే ఆమె వెనకవాళ్లు ఒక్కొక్కరే పక్కకి జరిగారు, మెల్లగా, చప్పుడు లేకుండా. పాత్రతో అంటుకునే జబ్బు కాదని తెలిసిన నర్సు, ఆ ఆంటీ కూడా జరిగింది. ఛీ, అనిపించింది. విసురుగా వెళ్లి మా ఆవిడ వెనక నిలబడ్డాను.

ఆమె తిరిగి చూసింది. వరసలోంచి బయటికొచ్చి, నా వెనక్కి వచ్చి నిలబడింది.

"మీరు ముందు తాగండి," అంది.