ఫ్యూజక్కకు తట్టని మాట

ఆ పేటలో ఎవరింట్లో కరెంటు పోయినా ముందు తలుచుకునేది ఫ్యూజక్కనే. వైరింగు పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక ఆయన నిచ్చెన, పనిముట్ల సంచీ, పిలిచే ఇళ్లు అన్నీ ఆమెకే వచ్చాయి. వాటితో పాటు ఆయన జబ్బూ వచ్చింది.

అది ఏ కొద్దిమందికో వచ్చే కండరాల జబ్బు. వంశంలో ఒకరి నుంచి ఒకరికి దిగుతుంది. స్క్రూడ్రైవరు బిగించి పట్టుకుంటే వేళ్లు వెంటనే విచ్చుకోవు. ఎవరితోనైనా చేయి కలిపితే అవతలి చెయ్యి కాసేపు బందీయే. "మాది ఉడుంపట్టండీ, తాతల నాటి ఆస్తి" అని నవ్వేసేది. పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేసి జబ్బు పేరు చెప్పిన రోజు కూడా ఆమె బెదరలేదు.

"కండలే కదా. బుర్ర బానే ఉందిగా!" అంది భర్తతో.

ఆ ధీమా ఓ ప్రింటింగ్ ప్రెస్సులో కుప్పకూలింది. పాత స్విచ్‌బోర్డు మార్చడానికి వెళ్లింది. బోర్డు విప్పి, వైర్లు బయటికి లాగి, ప్లయరు చేతిలోకి తీసుకుంది. ప్రెస్సు యజమాని సిరా చేతులు తుడుచుకుంటూ అటు వచ్చాడు.

"మెయిన్ ఆపావా అమ్మా?"

"ఆపానండీ."

"మరి మిషనింకా తిరుగుతోందే?"

అప్పుడు వినిపించింది ఆమెకు ఆ చప్పుడు. తను వచ్చినప్పటి నుంచీ అది గదంతా దద్దరిల్లిస్తూనే ఉంది. ఆమె ప్లయరు కింద పెడదామనుకుంది. వేళ్లు విచ్చుకోలేదు. అవి విచ్చుకునేదాకా ఆ వైర్ల ముందు కొయ్యబారి నిలబడింది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి తన మీద తనే నిఘా పెట్టింది. పొద్దున్నే మంచం అంచున కూర్చుంటే, ముందు స్నానమా, పొయ్యి వెలిగించడమా, సంచీ సర్దుకోవడమా తేలేది కాదు. ఇదంతా కొత్తగా వచ్చిందా, ఎప్పటి నుంచో ఉందా?

బేకరీలో పనిచేసే భర్తకూ అనుమానం వచ్చింది. ఈ జబ్బు గుండెకూ పాకవచ్చని ఆసుపత్రిలో ఏటా చేసే పరీక్షకు వెళ్లినప్పుడు, ఆమె అతని నోరు నొక్కేలోపే డాక్టరుతో అనేశాడు. "ఈమధ్య ఏ పనీ మొదలుపెట్టదండీ. మొదలుపెడితే మధ్యలో ఆగిపోతుంది."

"నేనేం పిచ్చిదాన్నా?" అని ఆమె బయటికొచ్చాక అతని మీద ఇంతెత్తున లేచింది. అయినా డాక్టరు రాసిచ్చిన గదికి వెళ్లింది.

ఆ గదిలో ఉన్నావిడ జ్ఞాపకానికీ ఆలోచనకూ పరీక్షలు పెట్టే మనిషి. ఓ కాగితం ముందు పెట్టింది. దాని మీద అంకెలూ అక్షరాలూ చెల్లాచెదురుగా ఉన్నాయి.

"ఒకటి నుంచి 'అ'కి గీత గీయండి. 'అ' నుంచి రెండుకి, రెండు నుంచి 'ఆ'కి. అలా మార్చి మార్చి కలపాలి."

ఫ్యూజక్క మూడు నుంచి నేరుగా నాలుగుకు పోయింది. వెనక్కి వచ్చింది. మళ్లీ అంకెల వెంటే పోయింది.

"సరే, 'క'తో మొదలయ్యే మాటలు చెప్పండి. ఎన్ని తడితే అన్ని."

"కత్తి... కప్ప... కాకి..." అంతే. బుర్రలో గుడ్డిదీపం కూడా వెలగలేదు.

పరీక్షలయ్యాక భర్తను కూడా లోపలికి పిలిచి ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "మీకు జ్ఞాపకం బావుందమ్మా. మాటా బావుంది. పనుల్ని వరసలో పెట్టుకోవడం, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం, అక్కడే ఇబ్బంది. ఈ జబ్బులో ఇది చాలామందికి ఉంటుంది. అందరూ కండల వంకే చూస్తారు కాబట్టి బయటపడదు. ఇంట్లోవాళ్లేమో బద్ధకం అనుకుంటారు."

బద్ధకం! ఆ పొద్దున్నే ఫ్యూజక్క బడికెళ్లే కూతుర్ని ఆ మాటే అంది. నిన్నా అంది. క్లాసులో నిద్రపోతుందని, చెప్పిన పనుల్లో సగం మరిచిపోతుందని టీచరు కూడా అదే మాట అంది.

"పిల్లలకి... వస్తే?"

"రావాలని లేదు. సగానికి సగం అవకాశం. వస్తే మాత్రం మీకన్నా ముందుగా, ఎక్కువగా కనిపించొచ్చు."

మెట్లు దిగుతూ ఆమె సగంలో ఆగి భర్త చొక్కా పట్టుకుంది. "ఏమండీ, కరెంటు! 'క'తో కరెంటు! నాకా మాటే తట్టలేదండీ!" అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

ఇంటికి వచ్చేసరికి కూతురు తెరిచిన పుస్తకం మీద తల వాల్చి ఉంది. తల్లి పక్కన కూర్చుని చూపుడువేలు చాపింది.

"గట్టిగా పట్టుకో, చూద్దాం."

ఆటేదో అనుకుని పిల్ల పట్టుకుంది.

"ఇప్పుడు వదులు."

"వదిలేశానమ్మా."

వేలు ఇంకా ఆ గుప్పిట్లోనే ఉంది. చిన్న వేళ్లు ఒక్కొక్కటే, బరువుగా విచ్చుకుంటున్నాయి. వంటింటి గుమ్మంలో భర్త కదలకుండా నిలబడి చూస్తున్నాడు. ఫ్యూజక్క ఏడవలేదు. పిల్ల ముందు ఏడిస్తే అది ఎందుకని అడుగుతుంది, ఏం చెప్పాలో తెలీదు.

పిల్లకు చేయించిన రక్తం పరీక్ష ఆ గుప్పిట చెప్పిందే చెప్పింది. ఆలోచన పరీక్షల్లో, చదివింది పిల్లకు బాగానే ఎక్కుతోంది గానీ రెండు మూడు పనులు కలిపి చెబితే దారి తప్పుతోందని తేలింది. ఆ గదిలోని ఆవిడే బడికి వెళ్లి మాట్లాడింది. టీచరు ఒకసారికి ఒక పనే చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో 'బద్ధకం' మాట నిషిద్ధమైంది. ఫ్యూజక్క ఒంటరిగా పనికి వెళ్లడం మానేసింది. మరిది వెంట వెళ్తాడు. బోర్డు ముట్టుకునే ముందు ప్రతిసారీ "వదినా, మెయినూ?" అని దీర్ఘం తీస్తాడు. ఆమెకు ఒళ్లు మండుతుంది, అయినా వెళ్లి చూసి వస్తుంది.

భయం మటుకు పోలేదు. పిల్ల చెంచా పట్టుకుని ఆలోచనలో పడితే చాలు, తల్లి చేతిలో పని ఆగిపోయేది.

"అమ్మా, నన్నట్లా చూడకు. నాకే భయమేస్తుంది" అంది ఓసారి కూతురు.

ఆ మాటకే కాబోలు, వేసవి సెలవుల్లో కూతురు మేనత్త ఇంటికి ఒక్కతే బస్సులో వెళ్లొస్తానంటే ఫ్యూజక్క ఒప్పుకుంది. తిరిగొచ్చే వేళకు ముందే స్టాపుకు వెళ్లి నిలబడింది. రావలసిన బస్సు వచ్చింది. అందరూ దిగారు. పిల్ల దిగలేదు. ఫ్యూజక్క స్టాపు గట్టు మీద కూలబడింది. ఫోను తీసింది, ఎవరికి చెయ్యాలో, ముందు ఏం చెయ్యాలో తోచలేదు.

చాలాసేపటికి వీధి మలుపులో కూతురు కనిపించింది. నడిచి వస్తోంది. మొహం ఎండకు కందిపోయింది.

"ఒక స్టాపు ముందే దిగిపోయానమ్మా. దారి అడుగుతూ వచ్చేశా."

"ఎవర్నడిగావే?"

"పళ్ల బండి ఆయన్ని. సగం మర్చిపోయి, మళ్లీ వెనక్కెళ్లి అడిగా. తిట్టలేదు."

ఫ్యూజక్క లేవబోయింది. కందిన ఆ మొహం చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది. "కాసేపు కూర్చుందామే" అంది.