చెరువుకు సర్దారు

రాష్ట్రం వచ్చిన రోజు పొద్దున మా బస్తీలో పటాకులు కాలుతుంటే ఫోను మోగింది. ఒక చెవికి ఫోను ఆనించి, ఇంకో చెవి వేలితో మూసుకున్నా ఏమీ వినబడలేదు. వీధి చివరిదాకా నడిచాను. గోలేటి నుంచి సర్దారు కాక కూతురు.

"అన్నా, నాయిన పోయిండే," అన్నది.

నేను మాట్లాడకపోయేసరికి వినబడలేదనుకుని మళ్లీ చెప్పింది. మొదటిసారే వినబడింది. అయినా రెండోసారి చెప్పనిచ్చాను. తప్పు విన్నానేమో అని ఒక ఆశ ఉంటుంది కదా.

తిరిగి వస్తుంటే కిరాణా దుకాణాయన గులాబీ రంగు పూసుకున్న మొహంతో ఎదురొచ్చి చేతిలో లడ్డు పెట్టాడు. వద్దంటే ఎందుకో చెప్పాలి. ఆ గోలలో ఆ మాట ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. అక్కడే నిలబడి లడ్డు తిన్నాను. తియ్యగానే ఉంది. అదే కష్టమనిపించింది.

ఆయన నాకు చుట్టం కాదు. మా గనిలో సర్దారు. బొగ్గు గని సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. షిఫ్టు మొదలవకముందే సర్దారు లోపలికి దిగుతాడు. గాలి ఆడుతున్నదా, గ్యాసు ఉన్నదా, పైకప్పు నిలుస్తుందా అని చూసి, పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. ఆ సంతకం పడ్డాకే మిగతావాళ్లం పనిచోట కాలు పెట్టాలి. నేను టింబర్‌మన్‌ని. ఆయన చూసిన కప్పు కింద దుంగలు నిలబెట్టడం నా పని. అంటే ఇరవై ఏళ్లకు పైగా ఆయన సంతకం కింద బతికాను.

చేతికర్రతో కప్పును కొట్టి, తల వంచి వినేవాడు. కొత్తలో ఒకసారి అడిగాను.

"ఏమంటున్నది కాకా?"

"ఇంక నోరు తెరువలేదు. తెరిస్తె అడగనీకె నువ్వుండవు."

అందరికీ కాక అయినా నన్ను మాత్రం "టింబరోడా" అని పిలిచేవాడు. మా నాన్న పెట్టిన పేరు ఆయనకు చివరిదాకా తెలుసో లేదో.

కాక రిటైరైన ఏడాదికే ఆయన భార్య, మా అందరికీ చిన్నమ్మ, పోయింది. ఒక్కతే కూతురు గోలేటి బడిలో టీచరు. రమ్మని ఎంత పిలిచినా పోకుండా కమాన్‌పూర్ పోయే దారిలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. గది ముందు చెరువు. అది చూసే తీసుకున్నాడని అప్పుడు నాకు తెలియదు. పొద్దున్నే లేచే అలవాటు పోలేదు, దిగడానికి గని లేదు. మనిషి చెరువు మీద పడ్డాడు.

ఒకప్పుడు ఆ చెరువులో పరకలు, జెల్లలు, బొమ్మిడాయిలు, అన్నిటికీ మించి కొర్రమట్టలు, అంటే కొర్రమీన్లు, ఉండేవి. చేపల కాంట్రాక్టు పట్టిన ఒకాయన, తొందరగా పెరుగుతాయని బయటిదేశపు క్యాట్‌ఫిష్ పిల్లలు తెచ్చి వదిలాడు. నిజంగానే తొందరగా పెరిగాయి. చెరువులో ఉన్నవన్నీ తిని పెరిగాయి.

కాక రోజూ షిఫ్టు టైముకు కట్ట మీద నడిచేవాడు. తెల్ల పళ్లేనికి తాడు కట్టి తూము దగ్గర నీళ్లలోకి వదిలేవాడు. తాడుకు జానెడుకొక ముడి. పళ్లెం కనబడకుండా పోయేలోపు ఎన్ని ముళ్లు మునిగితే నీళ్లు అంత తేట. ఏ పిట్ట వచ్చింది, ఏ చేప ఎగిరింది, ఏ మూల తుంగ ఎండింది, అన్నీ నోటుబుక్కులో రాసేవాడు. ఒకరోజు తీసి చూశాను. "చెరువు చూచినాను. మూడు ముళ్లు. బుడుంగు పిట్టలు రెండు. గ్యాసు లేదు." కింద సంతకం.

"చెరువుల గ్యాసేంది కాకా?"

"లేదనే గదరా రాసిన."

"ఇది ఎవలకు చూపిస్తవ్?"

"ఎవలకు చూపించనీకె? మనం చూడకుంటె అది లేనట్టు కాదు. మనకు తెల్వనట్టు. తెల్వకుంట దిగినోళ్లను ఎంతమందిని బయటికి మోసినమో మర్చిపోయినవా?"

మర్చిపోలేదు. ఆ తర్వాత ఆ నోటుబుక్కు మీద హాస్యాలాడలేదు.

ఒక ఎండాకాలం చెరువు అడుగుదాకా ఎండింది. ఊరు బాధపడుతుంటే కాక మొహం వెలిగింది. క్యాట్‌ఫిష్‌లు బురదలో దాక్కుని బతుకుతాయి. వాటిని ఏరేస్తే చెరువు మళ్లీ మొదలవుతుందని ఆయన లెక్క. ఆదివారం చర్చి కాగానే మమ్మల్ని పది మందిని పోగేశాడు. తవ్వడం మాకు ఒకరు నేర్పాలా? సాయంత్రానికి చెరువు మధ్యలో చిన్నపాటి గని తయారైంది. దొరికినవన్నీ తీసేశాం. వానలు పడి వాగు నీళ్లు రాగానే పరకలు, జెల్లలు వాటంతటవే వచ్చాయి. కొర్రమట్ట మాత్రం రాలేదు.

గోలేటి దగ్గర ఒక వాగు మడుగులో ఉన్నాయని కూతురింటికి పోయినప్పుడు చూసొచ్చాడు. ఇద్దరం పోయి, జాలరాయనను బతిమాలి, నాలుగింటిని రెండు పాలక్యాన్లలో పెట్టుకుని బస్సెక్కాం. కొర్రమట్ట నీళ్లలో ఉన్నా మాటిమాటికి పైకొచ్చి గాలి మింగాలి, లేకపోతే చచ్చిపోతుంది. కాక మూతలు పెట్టనివ్వలేదు.

"పెద్దమనిషీ, గీ క్యాన్లల్ల ఏముంది?" అన్నాడు కండక్టరు.

"చుట్టాలు."

"చుట్టాలకు టికెట్ తియ్యాలె మరి."

"ఫుల్లో, హాఫో నువ్వే చూసి చెప్పు బిడ్డా."

కండక్టరు వంగాడు. అదే అదనుగా ఒకటి ఎగిరి సీట్ల కింద పడింది. బస్సంతా కాళ్లు పైకెత్తింది. వెనక సీటు అవ్వ ఒకామె దాన్ని కొంగుతో ఒడిసిపట్టి ఒళ్లో పెట్టుకుంది.

"నా కాళ్లకాడికచ్చింది. నాదే."

"అవ్వా, నీ కాల్మొక్త, అది కడుపుతోటున్నదే," అన్నాడు కాక.

"కడుపుతోటున్నదాన్ని గీ గతుకుల తొవ్వల బస్సెక్కిస్తరారా ఎవడన్న?" అని తిట్టి, తానే లేచొచ్చి క్యాన్‌లో వేసింది. దిగేదాకా క్యాన్ ఎట్లా పట్టుకోవాలో మాకు చెబుతూనే ఉంది.

నాలుగింటిలో రెండు వారం లోపే చచ్చి తేలాయి. ఒక జంట మిగిలింది. చెరువు మొత్తానికి ఒకే ఒక జంట. ఆ ఏడాది కాక దాని కోసమే బతికాడంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

మరుసటి ఏడాది తొలకరి జల్లులు పడ్డాక నన్ను పిలిపించాడు. తుంగ ఉన్న మూలకు తీసుకుపోయి, మాట్లాడొద్దని సైగ చేసి, వేలు చూపించాడు. నీళ్లలో ఎర్రగా, చారెడు కుంకుమ పోసినట్టు ఒక మచ్చ. అది కదులుతోంది. అన్నీ పిల్లలు. వాటి కింద రెండు నల్లటి నీడలు.

"ఆలుమొగలు ఇద్దరు కావలుంటరు," అన్నాడు గొంతు తగ్గించి. "గీ ఇరవై రోజులు తిండి మీద కూడ సోయుండదు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు నటించాను. ఆయన నమ్మినట్టు నటించాడు.

తర్వాత నేను చేసిన పని చెప్పాలి. చెప్పకుండా ఈ నాలుగు మాటలు రాయడం అబద్ధమవుతుంది.

మిరుగు నాడు మా దిక్కు అందరూ చేప తింటారు. మృగశిర కార్తె మొదటి రోజు చేప తింటే, అందులోనూ కొర్రమట్ట తింటే ఆయాసం తగ్గుతుందని నమ్మకం. కాకకు అప్పటికే గనిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని ఉంది. ఆ వారం దగ్గు ఎక్కువై మంచం పట్టాడు. చిన్నమ్మ ఉంటే వండిపెట్టేది. నేనుండి ఎందుకు అనుకున్నాను. షిఫ్టు దిగి మార్కెట్‌కు పోయేసరికి ఒక్క కొర్రమట్ట మిగల్లేదు.

గాలం తీసుకుని చెరువుకు పోయాను. పిల్లలున్న మూలకు పోలేదు, ఆ మాత్రం తెలివి ఉంది. దూరంగా తూము దగ్గర కూర్చున్నాను. గనిలో పనిచోటు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. పిల్లలు ఈదుతాయని, వాటి వెంట తల్లి వస్తుందని నా బుర్రకు తట్టలేదు. గాలం వేసీ వేయకముందే దడాలున లాగింది.

మా ఆవిడ పులుసు పెట్టింది. గిన్నె తీసుకుని పోతే కాక లేచి కూర్చున్నాడు.

"ఏడ దొరికింది?"

"మార్కెట్ల."

తలకాయ ముక్క చేతిలోకి తీసుకుని, దవడ దగ్గర వేలితో తడిమి, దీపం వైపు తిప్పి చూశాడు. కప్పును చూసినట్టే చూశాడు.

"మార్కెట్‌కు వలల చేప వస్తది. దీని దవడకు గాలం చీరింది." ముక్క గిన్నెలో పెట్టాడు. "తిండికచ్చినట్టు మెల్లగ పట్టిందా, మీదికురికి కరిచిందా?"

నేను తల దించుకున్నాను.

"ఉరికింది కాకా."

"ఆకలికి కాదురా అది కరిచింది."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన మళ్లీ గిన్నె ముందుకు లాక్కుని, ముళ్లు తీసుకుంటూ మొత్తం తిన్నాడు. "కోడలు మంచిగ వండింది. పారేస్తె దానికి ఇంకో అన్యాయం," అన్నాడు. నేను ఆ గిన్నె కడిగినంతసేపు ఇంకే గిన్నె కడగలేదు.

తెల్లారి పోతే మంచం ఖాళీ. చెరువు ఒడ్డున గొంగడి కప్పుకుని కూర్చున్నాడు, చేతికర్ర పక్కన పెట్టుకుని.

"కాకా, జరమున్నది. ఇంట్లకు పా."

"మొగది ఒక్కటే ఉన్నది. అది ఎన్నిదిక్కుల చూస్తది? తల్లి డ్యూటీ ఖాళీ పడ్డది."

ఆ డ్యూటీ ఆయన ఎక్కాడు. ఎర్ర మచ్చ ఎటు కదిలితే ఒడ్డున అటు కదిలేవాడు. లకుముకి పిట్ట వచ్చి వాలితే కర్ర ఆడించేవాడు. నీటికాకులొస్తే దగ్గుతూనే అరిచేవాడు. ఆ దగ్గుకే సగం పారిపోయేవి. షిఫ్టు దిగి నేను పోయి ఆయన్ను ఆ డ్యూటీ నుంచి దింపేవాణ్ని. దిగేముందు గనిలో అప్పగించినట్టే నాకు అప్పగించేవాడు: "నీటిపాము ఒకటి తుంగల ఉన్నది. మొగది హుషారుగున్నది. పిల్లలు నిన్నటికన్న తక్కువ." రోజూ తక్కువే.

పదిహేనో రోజో పదహారో రోజో, మచ్చ కనబడలేదు. కట్ట చుట్టూ ఇద్దరం రెండు దిక్కుల నుంచి నడిచి తూము దగ్గర కలిశాం. పెద్దవై చెదిరిపోయాయా, అన్నీ పిట్టల పాలయ్యాయా, చెప్పే దారి లేదు.

"అయిపోయినయ్ కాకా. నా చేతులతోటి నేనే..."

"చూడనిది చెప్పకురా," అన్నాడు. పుస్తకంలో "కనబడలేదు" అని రాశాడు. "లేవు" అని రాయలేదు.

ఆ తర్వాత ఆయన ఛాతీ బాగుపడలేదు. పడ్డ వానలో కూర్చున్నందుకేనని నేనంటాను, గనిధూళి అని డాక్టరంటాడు. దవాఖానకు తిప్పి తిప్పి చివరికి కూతురు గోలేటికి తీసుకుపోయింది. అక్కడి నుంచి రెండేళ్లు, నా షిఫ్టు దిగే టైము చూసి ఫోను చేసేవాడు. బాగున్నవా అని అడిగేవాడు కాదు.

"కనవడ్డయా?"

"లేదు కాకా."

"ఎన్ని ముళ్లు?"

"నాలుగు."

"తేటగున్నది. చూస్తుండు."

పోయిన ఎండాకాలం మాటల మధ్య ఊపిరి ఆడక ఆగిపోతుంటే, ఏదన్నా మంచి మాట చెప్పాలని, "కాకా, రాష్ట్రమస్తె చెరువులన్ని బాగైతయంటున్నరు," అన్నాను.

"కానియ్. చూసినంక రాద్దాం," అన్నాడు.

ఒక్కసారి, అబద్ధం ఆడి "కనవడ్డయి" అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆయనకు అబద్ధపు రిపోర్టు ఇచ్చే ధైర్యం లేకపోయింది. ఇవ్వాల్సిందేమో అని ఇప్పుడూ అనిపిస్తుంది, ఇవ్వకపోవడమే మంచిదని కూడా.

గోలేటిలో మట్టి చేశారు. పాస్టరు ప్రార్థన చేస్తుంటే ఆయనతో పనిచేసిన మేం ఆరుగురం, గుంట తవ్వినవాళ్ల వెనక నిలబడ్డాం. గుంట అంచు వదులుగా ఉందని మాకందరికీ ఒకేసారి అనిపించి ఒక అడుగు వెనక్కి వేశాం. ఎవరూ చెప్పలేదు. చెప్పేవాడు లోపలున్నాడు.

వచ్చాక చాలా రోజులు చెరువుకు పోలేదు. షిఫ్టు దిగి, ఫోను మోగని ఆ టైము గడవడానికి సినిమా హాలు దాకా నడిచి గోడ మీది బొమ్మలు చూసి తిరిగొచ్చేవాణ్ని. ఈసారి వానలు ఆలస్యమయ్యాయి. మొన్న ఒక మధ్యాహ్నం, రెండు మూడు జల్లులు పడ్డాక, మనసు ఆగక పోయాను. కాక ఉన్న గదిలో ఎవరో కొత్తవాళ్లు దిగారు, దండెం మీద చీరలు ఆరుతున్నాయి.

కట్ట సగం నడిచేసరికి కనబడింది. ఎర్రగా ఒకటి. కళ్లజోడు తుడుచుకుని చూస్తే అవతల ఇంకొకటి. కింద నీడలు. ఆ తల్లి నా గిన్నెలోకి పోయాక చెరువులో మిగిలింది ఒక్క మొగది. అది ఒంటరిగా పిల్లల్ని పెట్టలేదు. అంటే ఇవి ఆ పిల్లలు పెట్టిన పిల్లలు. ఆ ఎర్రమచ్చ చెదిరింది, పోలేదు.

ఎవరికైనా చెప్పాలని చుట్టూ చూశాను. ఒక బర్రె మెడదాకా నీళ్లలో కూర్చుని ఉంది. ఇంకెవరూ లేరు. "కనవడ్డయే," అన్నాను దానితోనే. చెవి ఆడించింది.

కాసేపటికి సన్నగా చినుకులు మొదలయ్యాయి. పిల్లలు గాలి కోసం పైకి వచ్చే వేళ. వందల నోళ్లు నీటిని కిందినుంచి ముట్టుకుంటున్నాయి, చినుకులు పైనుంచి. ప్రతి దానికీ ఒక చిన్న సున్న. ఏ సున్న వానదో, ఏ సున్న పిల్లదో తెలియకుండా చెరువంతా సున్నలు చుడుతూనే ఉంది. తడుస్తూ నిలబడ్డాను.